జెనీవాలో నలుగురం, ఒక పొడవాటి బెంచీ

జెనీవా వెళ్లినవాళ్లు మొట్టమొదట చూసేది సరస్సులోంచి ఆకాశంలోకి లేచే ఫౌంటెన్‌ని. మేం వెళ్లిన రోజు దాన్ని ఆపేశారు.

2025 సెప్టెంబరు, శుక్రవారం మధ్యాహ్నం. ఉత్తరం నుంచి ఒకటే గాలి. అక్కడివాళ్లు దాన్ని ‘బీజ్’ అంటారు. అది గట్టిగా వీస్తే ఫౌంటెన్ నీళ్లు రోడ్డు మీద, జనం మీద పడతాయి కాబట్టి కట్టేస్తారు. ఐదేళ్ల తర్వాత కలుసుకున్న నలుగురం సరస్సు ఒడ్డున నిలబడి, ఫౌంటెన్ ఉండాల్సిన చోట ఖాళీ ఆకాశాన్ని ఫొటో తీసుకున్నాం.

వరంగల్‌లో కలిసి బీటెక్ చదివినవాళ్లం. అసలు పేర్లు రాస్తే మావాళ్లు ఊరుకోరు, కాలేజీ పేర్లే వాడుతున్నా. లంబూ ఆమ్‌స్టర్‌డామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మేడమ్ (క్లాస్ టాపర్, అందుకే ఆ పేరు) మ్యూనిక్‌లో కార్ల కంపెనీలో ఇంజినీర్. బాబాయ్‌ని హైదరాబాద్ కంపెనీ జ్యూరిక్‌లో క్లయింట్ దగ్గరికి పంపింది. నేను, అంటే చిన్నా, ఫ్రైబర్గ్‌లో ఎమ్మెస్ రెండో ఏడు. ముగ్గురూ రైళ్లలో, విమానాల్లో వచ్చారు. నేను చవక టికెట్ చూసుకుని బస్సులో వచ్చా. ఎందుకో ముందే చెప్పేస్తా. మంథని దగ్గర మా రెండెకరాలు నా చదువు లోను కోసం బ్యాంకులో ఉన్నాయి. వచ్చేటప్పుడు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన డబ్బు మొదటి ఏడాదితోనే అయిపోయింది. ఇప్పుడు ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడుగుతున్నా. మినీజాబ్ కాబట్టి 2025లో నెలకు 556 యూరోలు దాటకూడదన్న రూల్ ఉండేది. అద్దె, ఇన్సూరెన్సు కట్టాక మిగిలేది చాలక నాన్న ఇంకా పంపుతూనే ఉన్నాడు.

ఇదేదీ మావాళ్లకు తెలీదు. ‘స్టూడెంట్ లైఫ్ రా, ఎంజాయ్’ అని నేనే స్టేటస్‌లు పెట్టేవాణ్ని.

సరే, ఫౌంటెన్. దాని పేరు ‘జె దో’. ఇప్పుడు 140 మీటర్ల ఎత్తు లేస్తుంది. సెకనుకు 500 లీటర్ల నీళ్లు, గంటకు 200 కిలోమీటర్ల వేగంతో. పైకి వెళ్లిన చుక్క మళ్లీ కిందపడటానికి 16 సెకన్లు పడుతుందట. తమాషా ఏంటంటే ఇది అందం కోసం పుట్టింది కాదు. 1886లో జెనీవాలో నీటి ఒత్తిడితో యంత్రాలు నడిపేవాళ్లు. సాయంత్రం చేతిపనివాళ్లంతా ఒకేసారి యంత్రాలు కట్టేస్తే గొట్టాల్లో ప్రెషర్ పెరిగిపోయేది. దాన్ని బయటికి వదలడానికి ఒక వాల్వ్ పెట్టారు. అందులోంచి చిమ్మిన నీళ్లే మొదటి ఫౌంటెన్. అంటే మన కుక్కర్ విజిల్ లాంటిది. జనానికి నచ్చేసరికి 1891లో సరస్సులోకి మార్చారు. ఇప్పుడున్న ఎత్తు 1951 నుంచి.

ఫౌంటెన్ లేకపోతేనేం అని పసుపు పడవలెక్కాం. ఊళ్లో హోటల్లోగానీ హాస్టల్లోగానీ దిగితే ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఉచితంగా ఇస్తారు. ట్రామ్, బస్సు, ఈ చిన్న పడవలు అన్నీ అందులోనే. పైసా లేకుండా సరస్సు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మూడుసార్లు తిరిగాం. ఆ గంటే నాకు ట్రిప్పంతటిలో హాయిగా గడిచింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. సరస్సు నెలవంక ఆకారంలో డెబ్బై కిలోమీటర్ల పైన సాగుతుంది, లోతైన చోట 310 మీటర్లు. ఒడ్డంతా వాచీ కంపెనీల బోర్డులే. మేడమ్ చరిత్ర చెప్పే మూడ్‌లో ఉంది. ఈ రేవు మీదే 1898లో ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్‌ని ఒకడు ఆకురాయితో పొడిచి చంపాడని చెప్పింది. పూల గడియారం దగ్గర అందరూ తీసుకునే సెల్ఫీయే మేమూ తీసుకున్నాం. దాని గురించి ఇంకేం రాయను.

రాత్రి ఫాండ్యూ తినాలన్నారు. కుండలో చీజ్ కరిగించి పెడతారు, కింద చిన్న మంట. పొడవాటి ఫోర్కుకి బ్రెడ్ ముక్క గుచ్చి ముంచుకుని తినాలి. బాగుంటుంది, కాదనను. కానీ అక్కడో ఆచారం ఉంది. ఎవరి బ్రెడ్ ముక్క ఊడి కుండలో పడితే వాళ్లు టేబుల్‌లో అందరికీ డ్రింక్స్ కొనాలి. లంబూ ఈ రూల్ చదివి గట్టిగా నవ్వాడు. నేను మాత్రం ఆ ఫోర్కుని పరీక్ష హాల్లో పెన్ను పట్టుకున్నట్టు పట్టుకున్నా. రుచి సగమే తెలిసింది. ముక్క పడలేదు.

బిల్లు 134 ఫ్రాంకులు. ఫ్రాంకు అంటే మన నూరు రూపాయల పైమాటే. బాబాయ్ ముందే కార్డు తీసి కట్టేశాడు, లంబూ ఖర్చుల యాప్‌లో నాలుగు భాగాలు చేశాడు. నా ఫోన్‌లో టింగుమంది. ఈ ఊళ్లో ఇంతే మరి, 2020లో జనం ఓటేసి కనీస కూలీయే గంటకు 23 ఫ్రాంకులు చేసుకున్నారని మేడమ్ చెబుతోంది. జర్మనీలో అప్పట్లో నా గిన్నెల రేటు గంటకు 12.82 యూరోలు. తిన్న చీజ్‌కి ఎన్ని గంటల గిన్నెలో లెక్క కట్టకుండా ఉండలేకపోయా.

హాస్టల్‌కి వచ్చాక మర్నాటి ప్లాన్. సరిహద్దు దాటితే ఫ్రాన్స్‌లో షామొనీ, అక్కణ్నుంచి రోప్‌వేలో మంచుకొండ మీదికి. మోఁ బ్లాఁ ఎదురుగా కనిపిస్తుంది. బస్సూ రోప్‌వే కలిపి తలకు నూట ఇరవై ఫ్రాంకుల దాకా అవుతుందని తేలింది.

“సూపర్ రా” అన్నా. పొద్దున ఆరింటికి లేచి, “కడుపులో నొప్పిగా ఉంది, చీజ్ పడలేదనుకుంటా, మీరెళ్లండి” అన్నా. మేడమ్ టాబ్లెట్ ఇచ్చింది. లంబూ కాసేపు గింజుకున్నాడు. బాబాయ్ నా మొహంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా బూట్లు వేసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక టాబ్లెట్ జేబులో వేసుకుని బయటపడ్డా. ఒంటరిగా తిరిగితే ఊరు ఇంకోలా ఉంటుంది. ట్రామ్‌లో ప్లాస్ ద నోవ్ అనే కూడలిలో దిగా. ఒకవైపు ఒపేరా హౌస్. ఎదురుగా పార్కు, అందులో నేల మీద గీసిన పెద్ద పెద్ద చదరంగం బల్లలు. ముసలివాళ్లు నడుం ఎత్తు బంట్లను రెండు చేతులతో ఎత్తి జరుపుతున్నారు. పార్కు లోపల నూరు మీటర్ల పొడవున రిఫార్మేషన్ గోడ, దాని మధ్యలో ఐదు మీటర్ల ఎత్తున నిలబడ్డ నలుగురు గడ్డాలవాళ్లు. అందులో కాల్విన్ ఒకడు. వడ్డీ తీసుకోవడం పాపం అని చర్చి చెబుతున్న కాలంలో, న్యాయమైన వడ్డీ అయితే ఫర్వాలేదని ఒప్పుకున్నది ఈయనే. ఆయన కళ్లలోకి కాసేపు చూశా. మా బ్యాంకు మేనేజర్‌కి ఈ ఫొటో పంపాలనిపించింది.

పార్కు బయట, కోటగోడ కింద ఒక విగ్రహం ఉంది. భుజాల వరకే. హెన్రీ డ్యూనాఁ. రెడ్‌క్రాస్ స్థాపించినాయన అని స్కూల్లో బిట్ ప్రశ్నకి చదివాం కదా, అంతే. పక్కన కూర్చుని ఫోన్‌లో ఆయన గురించి చదవడం మొదలుపెట్టా. ఆ అరగంట నేను లేవలేదు.

1828లో ఇదే ఊళ్లో డబ్బున్న ఇంట్లో పుట్టాడు. 1859లో వ్యాపారం పని మీద ఇటలీ వెళ్లి, సోల్ఫెరీనో యుద్ధం ముగిసిన సాయంత్రం అక్కడికి చేరాడు. ఒక్కరోజు యుద్ధంలో దాదాపు నలభై వేలమంది చచ్చిపోయో, గాయపడో ఉన్నారు. పనంతా పక్కనపెట్టి ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి, ఏ పక్షమని చూడకుండా గాయాలకు కట్లు కట్టించాడు. తిరిగొచ్చి పుస్తకం రాశాడు. 1863లో ఐదుగురు కలిసి పెట్టిన కమిటీయే రెడ్‌క్రాస్ అయింది. ఇంతవరకు మన పుస్తకాల్లో ఉంది. తర్వాతదే లేదు. అల్జీరియాలో ఆయన వ్యాపారం మునిగింది. 1867లో దివాలా తీశాడు. అప్పిచ్చినవాళ్లలో స్నేహితులు, చుట్టాలు కూడా ఉన్నారు. తనే పెట్టిన కమిటీలోంచి తప్పుకోవాల్సొచ్చింది. ఊరు వదిలి వెళ్లిపోయాడు. నలభై ఏళ్లకు పైగా బతికాడుగానీ మళ్లీ జెనీవాలో అడుగుపెట్టలేదు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి ఆయనకీ, ఫ్రాన్స్‌కి చెందిన పాసీకీ కలిపి ఇచ్చేనాటికి, కొండల్లో హైడెన్ అనే చిన్న ఊళ్లో ఆసుపత్రి గదిలో ఉన్నాడు. 1910లో అక్కడే పోయాడు.

ముందురోజు ఐక్యరాజ్యసమితి భవనం దగ్గర, మూడు కాళ్ల మీద నిలబడ్డ పన్నెండు మీటర్ల విరిగిన కుర్చీ కింద ఫొటోలు దిగాం. ఆ రోడ్డు అవతలే రెడ్‌క్రాస్ మ్యూజియం, పెద్ద ఆఫీసు. అంత పెద్ద సంస్థ మొదలైన ఊరిలోకి ఆ మనిషి మాత్రం అప్పులవాళ్లకు మొహం చూపించలేక రాలేదు. చదువుతుంటే మా ఊరి బస్టాండు గుర్తొచ్చింది. ఉద్యోగం దొరక్కుండా తిరిగెళ్తే ఆ బస్టాండులో దిగే ధైర్యం నాకుంటుందా అని చాలాసార్లు అనుకున్నా.

అక్కణ్నుంచి జోంక్సియోఁకి వెళ్లా. పేరుకి జంక్షనే, కానీ రెండు నదులు కలిసే చోటు. సరస్సులోంచి బయటికొచ్చే రోన్ నది నీలంగా, పచ్చగా తేటగా ఉంటుంది. మట్టంతా సరస్సు అడుగునే ఉండిపోతుంది మరి. మోఁ బ్లాఁ వైపు హిమానీనదాల నుంచి వచ్చే ఆర్వ్ మాత్రం రాతి పిండి కలుపుకుని బూడిదరంగు పాలలా ఉంటుంది. రెండూ కలిసిన తర్వాత కూడా వెంటనే కలవవు. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. పైన వంతెన మీద నిలబడితే కళ్లు తిప్పుకోలేం. జెనీవా వెళ్తే పూల గడియారం మానేసైనా ఇది చూడండి, టికెట్ లేదు.

మాకు కాళేశ్వరం దగ్గరే. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. ఆ మే నెలలో సరస్వతీ పుష్కరాలకు వెళ్లి అమ్మ నాకు వీడియో కాల్‌లో సంగమం చూపించింది. ఇప్పుడు నా వంతు అని ఫోన్ చేశా.

“గా బూడిద రంగు నీళ్లు యాడికెల్లి వస్తున్నయ్ బిడ్డా?”

“మంచు కొండల్లకెల్లి అమ్మా.”

“మరి నీ దోస్తులేరి?”

“గా కొండలకే పోయిన్రు. నాకు జర పనుండె.”

అమ్మ ఒక్క క్షణం ఆగింది. “పైసల్లేవా?”

ఐదేళ్ల స్నేహితులకు పట్టని విషయం, ఏడువేల కిలోమీటర్ల అవతలున్న అమ్మకు ఒక్క వాక్యంలో అర్థమైంది. ఉన్నాయన్నా. సరేనంది. నమ్మలేదు.

ఫోన్ పెట్టానో లేదో లంబూ. “కడుపునొప్పి ఎలా ఉంది?” అన్నాడు. “పడుకున్నా రా” అన్నా. “అవునా? మరి మ్యాప్‌లో నువ్వు నది మధ్యలో ఉన్నావేంటి?” అన్నాడు.

ట్రిప్పు మొదట్లో తప్పిపోకుండా నలుగురం లొకేషన్ షేర్ చేసుకున్నాం. ఆపడం మర్చిపోయా.

వాళ్లకు రోప్‌వే దొరకలేదట. పైన గాలి ఎక్కువని మూసేశారు. కాసేపు ఊరు చూసి వెనక్కి బయల్దేరారు. సాయంత్రం పాత ఊళ్లో, త్రెయ్ అనే చోట కలుద్దామన్నారు. కోటగోడ మీద చెట్ల వరుస, దాని కింద 120 మీటర్ల పొడవున్న చెక్క బెంచీ. 1767లో వేసిందట, ప్రపంచంలోనే పొడవైన చెక్క బెంచీ అని చెప్పుకుంటారు. అక్కడే ‘అధికారిక’ చెస్ట్‌నట్ చెట్టు ఉంది. వసంతంలో దాని మొదటి చిగురు ఎప్పుడొచ్చిందో 1818 నుంచి రాసిపెడుతున్నారు. దానికో ప్రభుత్వ అధికారి ఉన్నాడు. ఇంతకంటే ప్రశాంతమైన ఉద్యోగం నేను వినలేదు.

ముగ్గురూ వచ్చి కూర్చున్నారు. లంబూ మొహం ఎర్రగా ఉంది.

“డబ్బుల్లేవని చెప్పొచ్చు కదరా.”

“చెప్తే ఏం చేసేవాడివి?”

“నీ టికెట్ నేను తీసేవాణ్ని.”

“అందుకే చెప్పలేదు.”

మేడమ్ మాత్రం కోప్పడలేదు, బాధపడింది. అది ఇంకా కష్టం. “ప్రాగ్ ట్రిప్పుకి ఎగ్జామ్ అన్నావు. అదీ ఇంతేనా?” అని అడిగింది. తలూపా. “మేం నీకు ఫ్రెండ్సా, ఇన్‌స్టా ఫాలోవర్లమా?” అంది.

జవాబు లేదు నా దగ్గర. కింద పార్కులో చదరంగం ఆడేవాళ్లు సర్దుకుంటున్నారు. చాలాసేపటికి బాబాయ్ బెంచీ మీద చెయ్యేసి, “బెంచీ మాత్రం బాగుంది” అన్నాడు. “నేనూ బెంచీ మీదే ఉన్నా రా.”

లంబూ నవ్వాడు. ఐటీలో ఉన్నవాళ్లకు ఈ జోకు కొత్తది కాదు. బాబాయ్ నవ్వలేదు.

జ్యూరిక్ ప్రాజెక్టు ఆగస్టులోనే అయిపోయిందట. నెలాఖరుకి హైదరాబాద్ వచ్చేయమన్నారు. అక్కడ ఇంకో ప్రాజెక్టు దొరికితే సరి, లేకపోతే లేదు. ఇంట్లో చెప్పలేదు. చెల్లికి సంబంధం మాట్లాడుతున్నారు. ‘అబ్బాయి స్విట్జర్లాండ్‌లో ఉంటాడు’ అని వాళ్లకు గొప్పగా చెప్పుకున్నారు, పెళ్లి ఖర్చు కూడా ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నారు.

“మరి నిన్న ఫాండ్యూ బిల్లుకి కార్డు ముందు నువ్వే తీశావు కదరా!” అన్నా.

“అలవాటు” అన్నాడు.

లంబూ ఫోన్ తీసి యాప్‌లో ఏదో కెలుకుతూ కూర్చున్నాడు. వాడికి ఏడుపొస్తే ఫోన్ చూస్తాడు, కాలేజీ నుంచీ అంతే. నేను డ్యూనాఁ కథ చెప్పా. ఏదో ఒకటి మాట్లాడాలని. బాబాయ్ శ్రద్ధగా విని ఒకే ఒక్కటి అడిగాడు.

“నోబెల్ డబ్బులు అప్పులవాళ్లు పట్టుకుపోయారా?”

“లేదు. వాళ్ల చేతికి చిక్కకుండా ఒక స్నేహితుడు నార్వే బ్యాంకులో వేయించాడు. ఆయన పెద్దగా ఖర్చు పెట్టుకోలేదు. హైడెన్‌లో పేద రోగుల కోసం ఒక ఉచిత మంచానికి రాసి పోయాడు.”

“ఫ్రెండంటే అలా ఉండాలి” అని బాబాయ్ లంబూ వైపు చూశాడు. అప్పుడు అందరం నవ్వాం. తెల్లవాళ్లు ఇద్దరు తలతిప్పి చూసేంత గట్టిగా.

శనివారం షాపులు త్వరగా మూసేస్తారు, ఆదివారం చాలావరకు తెరవరు. పరిగెత్తి బియ్యం, టమాటాలు, పెరుగు కొన్నాం. హాస్టల్ వంటగదిలో మేడమ్ తెచ్చిన గోంగూర పచ్చడితో తిన్నాం. పక్క టేబుల్ కొరియా అమ్మాయి రుచి చూసి రెండోసారి అడిగింది. నలుగురికీ కలిపి 19 ఫ్రాంకులు. నా వాటా నేనే ఇస్తానన్నా. ఆ విషయంలో మాత్రం లంబూకీ నాకూ ఇప్పటికీ పడదు. వాడు యాప్‌లో నా ఫాండ్యూ వాటా చెరిపేస్తాడు, నేను మళ్లీ వేస్తా.

ఆదివారం పొద్దున ట్రామ్ చివరి స్టాప్ దాకా వెళ్లి సెర్న్ చూశాం. సైన్స్ గేట్‌వే అని 2023లో కట్టారు, టికెట్ లేదు. లోపలి ప్రాంగణంలో 2004లో భారత ప్రభుత్వం ఇచ్చిన నటరాజ విగ్రహం ఉంది. బయటివాళ్లు అంతదూరం నేరుగా వెళ్లడానికి లేదు. బాబాయ్ గేటు బయట నుంచే దణ్నం పెట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే గాలి తగ్గింది. ట్రామ్ దిగేసరికి ఇళ్ల కప్పుల పైన తెల్లగా ఏదో నిలబడి ఉంది. ఫౌంటెన్! సరస్సులోకి రాతిగట్టు ఉంటుంది, దాని మీద నడిచి దగ్గరిదాకా వెళ్లొచ్చు. చప్పుడు జలపాతంలా ఉంది. మేడమ్ స్టాప్‌వాచ్ పెట్టి ఒక చుక్కను పట్టుకోమంది. ఏ చుక్క అని లంబూ. పదహారు లెక్కపెట్టేలోపు గాలి ఇటు తిరిగింది. నలుగురం నిలువునా తడిశాం.

ఫోన్లు తుడుచుకుంటుంటే బాబాయ్ ఫోన్ మోగింది. తెర మీద ‘అమ్మ’ అని ఉంది. వాడు మావైపు చూసి, చప్పుడుకి దూరంగా గట్టు మొదటికి నడిచాడు. నా బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. మేం అక్కడే నిలబడ్డాం. చాలాసేపు అటు తిరిగే మాట్లాడాడు. ఏం చెప్పాడో మేం అడగలేదు. తిరిగొచ్చి, “జలుబు చేస్తుంది, పదండ్రా” అన్నాడు.